వద్దన్న పెట్టె

గుంటూరులో అందరిళ్లలోలాగే మా ఇంట్లోనూ గోడకు రెండు పెట్టెలున్నాయి. ఒకటి నా తరఫున మాట్లాడుతుంది, ఇంకోటి మా ఆవిడ తరఫున. ఆమె పేరు సామ్రాజ్యం. కొత్త రాజ్యాంగం మీద ఆర్నెల్లుగా దేశమంతా ఈ పెట్టెలే వాదించుకుంటున్నాయి. మేం మాత్రం మిరపకాయలకు తొడిమలు తీసుకుంటున్నాం.

నిన్న ఆమె పెట్టె, ఆమె గొంతుతోనే అంది: "కూలికి పోయేవాళ్లు నలుగురూ కలిసి అడిగే హక్కు ఇందులో లేదు. ఇది నాకొద్దు."

"నువ్వింత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు," అన్నాను.

"నేనూ వినలేదు," అంది, చేతిలో కాయ వదలకుండా.

ఇవాళ పొద్దున ఒక ఆఫీసరమ్మ వచ్చింది. రాజ్యాంగం మీద పెట్టెలు వేసిన ఓట్లు సరిసమానంగా వచ్చాయట. వద్దన్నవాళ్లు సొంత నోటితో మళ్లీ వద్దనాలట. అనకపోతే ఒప్పుకున్నట్టేనట. ఆఫీసరమ్మ సామ్రాజ్యం పెట్టెను ఆపేసి, తన ఫోను ఆమె ముందు పెట్టింది.

"చెప్పమ్మా."

సామ్రాజ్యం నోరు తెరిచింది. అలవాటు కొద్దీ గోడకేసి చూసి, పెట్టె మాట్లాడుతుందేమోనని ఆగింది. నేనూ నా పెట్టెకేసి చూశాను.

ఆఫీసరమ్మ కాసేపు చూసి, "ఒప్పుకున్నారు" అని ఫోనులో నొక్కి, పక్కింటికి వెళ్లింది.

చాలాసేపటికి సామ్రాజ్యం నోరు మూసి, ఇంకో కాయ అందుకుంది.