కింద ఉన్న అన్నయ్య

“తోడు ఎవరొచ్చారమ్మా?” అని అడిగింది నర్సు.

“మా అన్నయ్య. కింద బండి పెడుతున్నాడు,” అంది దర్జీ ఆవిడ.

ఆవిడకి అన్నయ్య లేడు. బండి అసలే లేదు.

కీళ్ళవాతానికి ఇచ్చే ఆ మందు డ్రిప్పులో ఎక్కుతుంది. ఎక్కుతుండగా ఒక్కోసారి ఒళ్ళు దాని మీద తిరగబడుతుంది. అందుకే తోడు లేనిదే సూది గుచ్చకూడదని ఆ గదిలో నియమం. మందు పడకపోతే ఆవిడ వేళ్ళు కత్తెరలో దూరవు. కత్తెర ఆడకపోతే పూట గడవదు. తోడు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే రెండు నెలలకోసారి ఒక అన్నయ్యని పుట్టించేది.

నర్సు బయటికి వెళ్ళి చూసి వచ్చింది. ఇంకేమీ అడక్కుండా డ్రిప్పు పెట్టింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తనది ప్రతిసారీ అతుకుతున్నందుకు ఆవిడ లోలోపల మురిసిపోయింది.

చిరాకల్లా పక్క కుర్చీలో ముసలాయనతోనే. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయి ఉండేవి. చొక్కా చేతికి గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకుని వచ్చేవాడు. దర్జీ కళ్ళకి ఆ పిన్నీసు కనపడింది గానీ, ఆ చెయ్యి ఒక్కసారైనా డ్రిప్పు కోసం పైకి మడవలేదన్న సంగతి కనపడలేదు.

“గొంతు ఎలా ఉందమ్మా?”

“బాగానే ఉంది.”

“దురదేమైనా?”

“లేదు.”

“ఛాతీ పట్టేసినట్టు గానీ...”

“మీరేమైనా డాక్టరా?”

“కాదమ్మా. గడియారాలు బాగుచేసేవాణ్ణి.”

“అయితే గడియారం చూసుకోండి.”

ఆయన నవ్వేశాడు. ఆయనకి కోపం రానందుకు ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

ఆమధ్య స్కూలు యూనిఫారాల కాలంలో ఊపిరాడని పని. నొప్పులు కూడా లేవు కదా అని ఒకసారి మందు ఎగ్గొట్టింది. మళ్ళీ వచ్చిన రోజున ఆ మాట నర్సుకి చెబుతుంటే పక్క కుర్చీ వినేసింది.

“పొరపాటు చేశావమ్మా. మానేసి మళ్ళీ మొదలెడితే, ఎవడో దొంగ చొరబడ్డాడనుకుని ఒళ్ళు యాంటీబాడీలతో మందు మీద పడుతుంది. నాకూ అలాగే అయింది. మన జబ్బే అంత. ఈ ఒంటికి తనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో తెలిసి చావదు.”

అడగని సలహా. అదీ నలుగురి ముందు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

“సిస్టర్! ఈయన్ని నా పక్కనుంచి లేపండి. నాకు పడటం లేదు.”

“ఎవర్నీ, ఈయన్నా?”

“ఈయన్నే.”

నర్సు నవ్వాపుకుంది. “సరేలెండి. ఎవరింట్లో లేవు ఇవి!”

ఆ మాటేమిటో ఆవిడకి అర్థం కాలేదు. ముసలాయన లేచి వెళ్ళి తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. నర్సు డ్రిప్పు పెట్టి తెర లాగింది.

సగం మందు ఎక్కేసరికి అరచేతులు దురద పెట్టాయి. మెడ వేడెక్కింది. ఆ తర్వాత గొంతు బిగుసుకుంది. పిలుద్దామంటే మాట రాలేదు. తెర అవతల ఎవరో టీ చల్లారిపోయిందని విసుక్కుంటున్నారు. చచ్చిపోతానేమో అనుకుంది. చచ్చిపోతే ఎవరికీ కబురు చెయ్యక్కర్లేదని కూడా గుర్తొచ్చింది. ఆ రెండోదానికే ఎక్కువ భయమేసింది.

“సిస్టర్! తెర కింద ఆ కాళ్ళు చూడండి! కొట్టుకుంటున్నాయి!”

తలుపు దగ్గర్నుంచి కేక.

పరిగెత్తుకొచ్చి డ్రిప్పు ఆపారు. ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి తిరిగొచ్చింది.

కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆయన. సిగ్గేసి ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన లేడు. వచ్చేసారి చెప్పొచ్చులే అనుకుంది.

డాక్టరు మందు మార్చాడు. మధ్యలో ఆస్పత్రి నుంచి ఒకటికి రెండుసార్లు ఫోను మోగింది. తారీకు గుర్తుచెయ్యడానికే అయుంటుందని ఆవిడ మిషను ఆపలేదు.

ఆ తారీకున సంచిలో సూది, దారం, ఒక తెల్ల గుండీ వేసుకుని వెళ్ళింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“ఆ గడియారాలాయన ఇంకా రాలేదా సిస్టర్?”

నర్సు చేతిలో పని ఆపి ఇటు తిరిగింది.

“అదేంటమ్మా! ఆయన పోయారు కదా! జేబులో మా ఆస్పత్రి నంబరు తప్ప ఇంకేం లేదట. మేం మీకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చూసి చూసి ఇరుగుపొరుగే అంతా కానిచ్చారు. అన్నాచెల్లెళ్ళ మధ్య పంతాలుంటే మాత్రం, మరీ ఇంతా?”

“అన్నా... చెల్లెళ్ళా?”

“మీ అన్నయ్య కోసం నేను బయటికొచ్చినప్పుడల్లా ‘నేనేనమ్మా’ అని లేచేది ఆయనే కదా? మందు పడక ఆయనకి డ్రిప్పు ఆపేసి చాలాకాలమైంది. అయినా మీరొచ్చే రోజు మాత్రం తప్పేవారు కాదు.”

దర్జీ ఆవిడ పిడికిట్లో గుండీ నొక్కుకుపోయింది.

నర్సు ఖాళీ కుర్చీ కేసి చూస్తూ అంది. “అప్పట్లో మేం బయటికెళ్ళి చూసేవాళ్ళం కాదు, ఆయన మాటే నమ్మేవాళ్ళం. డ్రిప్పుకి వచ్చినన్నాళ్ళూ, తోడెవరని అడిగితే ‘మా చెల్లెలు కింద ఉంది, వస్తోంది’ అనేవారమ్మా. ఆయనకి డ్రిప్పు ఇక వద్దన్న రోజునే మీరు మొదటిసారి వచ్చారు. అప్పుడు కదా, ‘ఇదిగో, వచ్చింది’ అని చూపించారు.”