గేటు బోర్డు

"కాంపౌండు గోడకి ఒకాయన తొమ్మిది వందలు వేశాడు, ఇంకొకాయన నాలుగు లక్షలు. ఇదేం చోద్యమయ్యా?" అన్నాడు ఇంజనీరు, సీలు కవర్లు విప్పుతూ.

"రేటు అడుగుకా, మొత్తం గోడకా అన్నది మనం రాయలేదు సార్," నసిగాడు గుమాస్తా.

"ఆమాత్రం చూసుకోవద్దా? గోడ టెండరు రద్దని గేటు బోర్డు మీద రాయించు."

పెయింటరు యాభై అన్నాడు. ఇంజనీరు సరేనన్నాడు.

కాసేపటికి గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "సార్, యాభై అక్షరానికట."

"ఎక్కడిదాకా రాశాడో అక్కడే ఆపేయమను."

పెయింటరు బుద్ధిగా నిచ్చెన దిగాడు. బోర్డు మీద 'గోడ టెండరు' అని నిగనిగలాడుతోంది.

అరగంటలో గేటు ముందు కొత్త కవర్లతో పదిమంది కాంట్రాక్టర్లు.

ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"'రద్దు' అని రాయడానికి ఎంతో కనుక్కో. అక్షరానికి కాదు, మొత్తం మాటకి."