గంతలు కట్టుకున్న ఈత

ఆ ఏడాది బడిపిల్లలందరి కళ్లలోనూ అద్దాలు అమర్చారు. ఆ కళ్లు చూసిన ప్రతి చోటూ యాత్రికుల మ్యాపులోకి ఎక్కిపోతుంది. అది మరిచి సుంకులమ్మ, కొండ వెనక నేల కుంగి ఏర్పడిన గుండంలో ఈత కొట్టి వచ్చింది. మూడో నాటికి ఎగిరే బండ్లలో జనం దిగారు, చుట్టూ కంచె లేచింది. "ఊరివాళ్లకు ప్రవేశం లేదు" అంది గేటు.

"నీ కండ్లు మండ! మీ తాత నాకు ఈత నేర్పిన గుండం అది, మే!" అవ్వ శివాలెత్తింది.

"నా కండ్లేం చేసినాయి అవ్వా? అద్దాలు పెట్టినోళ్లను తిట్టు!" సుంకులమ్మ పుట్టి బుద్ధెరిగి గొంతెత్తడం అదే మొదలు.

అవ్వ తగ్గింది. "ఇంకో గుండం ఉండాది. ఎవురికీ తెలీదు. రా."

దారి మొదట్లోనే సుంకులమ్మ ఓణీతో తన కళ్లకు గట్టిగా గంతలు కట్టుకుంది. పళ్లు కొరుకుతూ, అవ్వ చెయ్యి పట్టుకుని, తానెన్నడూ చూడకూడని నీళ్లలోకి దిగింది.