నలభై ఒకటో పేరు

షెడ్డులో ఎవరో రోజూ ఒక భోజనం దొంగిలిస్తున్నారు. ఆ సంగతి కనిపెట్టింది సూపర్‌వైజరు వెంకటనారాయణ.

గుంటూరు శివార్లలో, ఏటుకూరు దారిలో ఉందా షెడ్డు. నలభై మంది ఆడవాళ్లు కూర్చుని ఎండుమిరపకాయలకు ముచ్చికలు తీస్తారు. సీజను కాబట్టి ఎవరూ నాగా పెట్టడం లేదు. పొద్దున్నే వచ్చి హాజరు మిషను మీద వేలు పెడతారు. కంప్యూటర్ దగ్గర కూర్చునే సిద్దికా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసి పెట్టింది. అది వచ్చినవాళ్ల పేర్లన్నీ ఎక్సెల్ ఫైల్లో వరసగా నింపి, వంట చేసే రహమతున్నీసా ఫోనుకు పంపేస్తుంది. ఫైల్లో ఎన్ని పేర్లుంటే అన్ని భోజనాలు. పన్నెండున్నరకల్లా అన్వర్ ఆటోలో వేసుకొస్తాడు.

సోమవారం వెంకటనారాయణ ఊరికే ఆ ఫైలు తెరిచాడు. నలభై ఒక్క పేర్లున్నాయి. చిట్టచివర సుబ్బరావమ్మ. షెడ్డులో ఆ పేరు గల మనిషి లేదు. మధ్యాహ్నం ఆటో దగ్గర నిలబడి పొట్లాలు తనే లెక్కపెట్టాడు. నలభయ్యే దిగాయి.

వండేది నలభై ఒకటి, దిగేది నలభై. మధ్యలో ఒకటి ఏ పొట్టలోకి పోతున్నట్టు?

ఆయనకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నుంచి ఒక్క మిరపకాయ ఇంటికి పట్టుకెళ్లని మనిషి. కంపెనీ పెట్టే భోజనంలో మెతుకు ముట్టడు. పైగా పోయిన తన తల్లి పేరు కూడా సుబ్బరావమ్మే. ఈ చుట్టుపక్కల ప్రతి రెండో ఇంట్లో ఒక సుబ్బరావమ్మ ఉంటుంది, నిజమే. అయినా నలుగురికి పెట్టడమే తెలిసిన మనిషి పేరు మీద ఎవడో దొంగతిండి తినడం ఆయనకు మింగుడు పడలేదు.

“ఎవరి కక్కుర్తయ్యా ఇది?” అన్నాడు అన్వర్‌తో, తన క్యారేజీ అందుకుంటూ. ఇంటి దగ్గర్నుంచి ఆయన క్యారేజీ కూడా ఆ ఆటోలోనే వస్తుంది. “ఆ కూలీల పప్పు కోసం దొంగతనమా? మా ఇంట్లో పప్పు ఒక్కసారి తింటే తెలుస్తుంది, పప్పంటే ఏంటో.”

“నిజమే సార్. మీ క్యారేజీ తెస్తుంటే ఆటో అంతా ఘుమఘుమే,” అన్నాడు అన్వర్, మొహం పక్కకు తిప్పుకుని.

అది వెంకటనారాయణ గర్వం. ఆర్నెల్లుగా భార్య కోటేశ్వరికి మోకాళ్ల నొప్పులు. ఆయన తెల్లారకుండా బయల్దేరేటప్పటికి ఆమె ఇంకా మంచం దిగదు. అయినా క్యారేజీ ఒక్కరోజు తప్పలేదు. అంతేకాదు, ఈమధ్య ఆమె చేతికి కొత్త రుచి వచ్చింది. “యాభై దాటాక పండిందే నీ వంట,” అని మెచ్చుకుంటే, ఆమె మోకాలికి నూనె రాసుకుంటూ, “అంతా మీ అదృష్టం,” అనేది. పెరట్లో కాసిన మునక్కాయలు ఆమె వారం వారం రహమతున్నీసాకు పంపడం ఒక్కటే ఆయనకు నచ్చనిది. ఉత్తపుణ్యానికి ఎందుకట?

మంగళవారం ఆయన ఫైల్లో సుబ్బరావమ్మ పేరు తన చేత్తో చెరిపేశాడు. బుధవారం మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ చెరిపాడు. గురువారం, శుక్రవారం కూడా మళ్లీ వచ్చింది.

“చెరిపినా పోని పేరు ఎక్కడిదమ్మా?” అని సిద్దికాను నిలదీశాడు.

“ఫైలు రోజూ కొత్తగా రాసుకుంటుంది సార్. మీరు చెరిపేసరికే అది రహమతున్నీసా ఆపా ఫోనుకు వెళ్లిపోయుంటుంది. చివర ఆ పేరు కలపమని స్క్రిప్టులోనే ఉంది.”

“అంటే నువ్వే పెట్టావన్నమాట. ఎవరికోసం?”

“చెప్పనని మాటిచ్చాను సార్.”

“రేపు ఓనరుగారు వస్తున్నారు. ఈలోగా దొంగ పేరు చెప్పకపోతే నీ పేరే చెప్తా. నీ ఉద్యోగం పోయాక నన్ననుకుని లాభం లేదు.”

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన మనసు కాస్త మెత్తబడింది. “సర్లే. ఆ లైను నా ఎదురుగా తీసెయ్. ఇంతటితో వదిలేస్తా.”

“వద్దు సార్. మీరే ఇబ్బంది పడతారు.”

“నన్నే బెదిరిస్తున్నావా? తియ్.”

సిద్దికా నిట్టూర్చి తీసేసింది.

శనివారం ఓనరు చైతన్యకృష్ణ వచ్చాడు. ఫైల్లో నలభై పేర్లు. ఆటోలోంచి దిగినవి నలభై పొట్లాలు. వెంకటనారాయణ రెండుసార్లు లెక్కపెట్టి మరీ చూపించాడు.

“దొంగ ఎవరో తేలకపోయినా, వాడి నోటికి తాళం పడిందండి. ఇవాళ కడుపు మాడి ఎవడు బయటపడతాడో చూడాలి.”

“మీలాంటివాళ్లుండబట్టే నేను ధైర్యంగా ఉన్నానండీ. ముందు భోంచెయ్యండి, మాట్లాడుకుందాం,” అని ఓనరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వెంకటనారాయణ కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. సిద్దికా తన డబ్బాలోని అన్నం సగం మూతలోకి తీసి, ఆయన బల్ల చివర పెట్టి వెళ్లింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అన్వర్ క్యారేజీ తెచ్చి ముందు పెట్టి, గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచాడు.

ఆయన మూత తీశాడు. పై గిన్నె ఖాళీ. మధ్య గిన్నె ఖాళీ. కింది గిన్నె తోమిన మెరుపుతో ఆయన మొహం ఆయనకే చూపించింది.

“నలభై ఒకటో భోజనం ఆపా రోజూ ఇందులోనే సర్దేది సార్,” అన్నాడు అన్వర్ మెల్లగా, “ఇవాళ లిస్టులో లేదంట.”