గౌను అంచు

"నాన్నా, లే. అది ఇంటిపెద్ద కుర్చీ," అంది చిన్నది.

అతను కాఫీ కప్పుతో సహా లేచాడు. క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు, బాలయేసు కోసం వెతికిస్తూ హేరోదు రాజు చంపించిన పసిబిడ్డల పండుగ అది. ఆ రోజు ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళదే పెత్తనం. పొద్దున జపం ముగిసింది మొదలు చీకటి పడేదాకా వాళ్ళ మాటకు ఎదురుండదు. చిన్నది తండ్రి కళ్ళజోడు ముక్కు మీద నిలబెట్టుకుని, కాళ్ళు నేలకందని ఆ కుర్చీలో సర్దుకు కూర్చుంది.

"అమ్మా, ఇవాళ కూరగాయలు బంద్."

"చిత్తం," అంది తల్లి.

"నాన్న స్నానం చన్నీళ్ళతో."

"ఇదెక్కడి న్యాయమే?" అన్నాడు అతను.

"జడేసేటప్పుడు లాగుతావుగా. నొప్పంటే వింటావా?"

"బాగా కుదిరింది మీకు," అని తల్లి పకపకా నవ్వింది.

పెద్దది మాత్రం నవ్వలేదు. గోడవారగా పేర్చిన పశువుల పాక బొమ్మల ముందు నిలబడి ఉంది. మరియమ్మ ఉంది, యోసేపు ఉన్నాడు, ఓ చెవి విరిగిన గాడిద ఉంది. మధ్యలో గడ్డి ఖాళీగా ఉంది.

"ఇప్పుడు అసలు హుకుం," అంది చిన్నది. "అక్క శిక్ష రద్దు."

తల్లి నవ్వు ఆగిపోయింది. "అదొక్కటి తప్ప ఇంకేదైనా అడుగు."

"పెద్ద నువ్వా, నేనా?"

"నువ్వే. కానీ ఆ బాలయేసు బొమ్మ మా అమ్మ పోయేముందు నా చేతిలో పెట్టింది. పగలగొట్టడం ఒక ఎత్తు. ముక్కలు గడ్డి కింద దాచి, ఏమీ ఎరగనట్టు తిరగడం ఇంకో ఎత్తు. వచ్చే క్రిస్మస్‌కి కొత్త బాలయేసుని గడ్డిలో పడుకోబెట్టేది నువ్వే. అక్క కాదు. అదే దాని శిక్ష."

"నాకేం వద్దు. అక్కే పెట్టాలి."

అతను చేతిలోని కప్పు తాగకుండానే కింద పెట్టేశాడు.

నిన్న సాయంత్రం ఫోన్ ఛార్జింగ్ కోసం పాక వెనక ప్లగ్గు లాగింది అతనే. నక్షత్రం లైటు తీగ బాలయేసుని ఈడ్చుకొచ్చి నేలకేసి కొట్టింది. వంటింట్లోంచి భార్య అడుగుల చప్పుడు వినపడేసరికి, అతను ఏమీ అనుకోకముందే అతని చెయ్యి ముక్కల్ని గడ్డి కిందకి తోసేసింది. అవి బయటపడ్డాక పెద్దదాన్ని విచారించిందీ అతనే. ప్రమాదాల్లో తప్పెవరిదో తేల్చడం బీమా కంపెనీలో అతని ఉద్యోగం. ఇటే పరిగెత్తావు కదా? గౌను అంచు తగిలి ఉంటుంది కదా? భయమేసి దాచి ఉంటావు కదా? ఆఖరి 'కదా' దగ్గర పిల్ల తలూపింది. అతను అరవలేదు, చెయ్యెత్తలేదు. చాలా నెమ్మదిగా, తల నిమురుతూ అడిగాడు. ఆ నెమ్మదే ఇప్పుడు గుర్తొస్తోంది.

"అయితే విచారణ," అంది చిన్నది, జారిపోతున్న కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ. "ఎవరు పగలగొట్టారు?"

"నేను," అంది పెద్దది.

"నేను," అన్నాడు అతను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. చిన్నది ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"తీగ లాగాను. పడింది. దాచింది కూడా నేనే," అన్నాడు అతను, భార్య మొహంలోకి చూస్తూ. "దానికేం తెలీదు."

తిట్టినా, లేచి వెళ్ళిపోయినా పడడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. తీరా చూస్తే ఆమె కళ్ళు చెమర్చాయి.

"పిల్ల మొహం చిన్నబోతే చాలు, తట్టుకోలేరు. అందుకని నేరం నెత్తినేసుకుంటారా?"

"కాదే, నిజంగా నేనే..."

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలండీ. గొంతు చూడండి, ఎలా వణుకుతోందో."

అతను పెద్దదాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పు తల్లీ. నిన్న నువ్వసలు ఈ గదిలోకే రాలేదు. అవునా?"

"వచ్చాను నాన్నా. పరిగెత్తుకుంటూ వచ్చాను. గౌను అంచు తగిలింది. టప్‌మని పడింది. తల పక్కకి దొర్లింది. చూసి భయమేసింది."

గౌను అంచు అతను అందించిన మాటే. చప్పుడు, దొర్లిన తల, ఆ పిల్ల సొంతం. ఆ కళ్ళలో ఎక్కడా తడబాటు లేదు. జరిగినదాన్ని గుర్తు చేసుకుంటున్న కళ్ళు అవి. ఇలాంటి సాక్షి దొరికితే ఆఫీసులో ఇంకో ప్రశ్న అడగకుండా ఫైలు మూసేసేవాడు.

"అలా జరగలేదమ్మా," అన్నాడు. ఆ మాట తన చెవులకే నమ్మేలా వినపడలేదు.

"ఇంక ఊరుకోండి," అంది భార్య, పైట చెంగుతో కళ్ళొత్తుకుంటూ. "శిక్ష లేదు, ఏం లేదు. అదే పెట్టుకుంటుందిలే వచ్చే ఏడు."

"నాన్నకి వేణ్ణీళ్ళు," అని తీర్పు చెప్పింది చిన్నది. "మంచి నాన్న కాబట్టి."

ఇంకా చెప్పాలి. భార్య చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళి తీగ చూపించాలి. అతను అనుకున్నాడే గాని మోకాళ్ళ మీంచి లేవలేదు. ఒంట్లో ఎక్కడో సన్నగా ప్రాణం కుదుటపడుతోంది. అది తెలిసి అతనికి తన మీదే అసహ్యం వేసింది.

పెద్దది అతని మెడ చుట్టూ చేతులు వేసింది. అమ్మకి వినపడకుండా చెవి దగ్గర నోరు పెట్టింది.

"నువ్వేం భయపడకు నాన్నా. ఆదివారం ఫాదర్ గారికి పాపాలు చెప్పుకునేటప్పుడు, నువ్వు నా కోసం ఆడిన అబద్ధం కూడా నా పాపాల్లోనే కలిపి చెప్పేస్తాలే."