రెక్క దగ్గర పిన్ను

షెడ్డు ముందు మైదానంలో నిలబెట్టిన విమానం రెక్క కింద వంగి, బోల్టు మీద నట్టు ఊడకుండా పెట్టే సన్నటి పిన్నును ఆమె సర్రున లాగేసింది. అక్కడితో కసి తీరక నట్టును కూడా కాస్త వదులు చేసింది. పిన్ను జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు రెక్క గుడ్డను తడుముతూ నిలబడింది. ఇంటి షెడ్డులో తయారయ్యే ఆ బుల్లి విమానాలకి రెక్కల గుడ్డ కుట్టేది ఆమే కాబట్టి, అక్కడ నీకేం పనని అడిగేవాడు లేడు.

"ఏం మరదలా, ఇంకా కుట్లు చూసుకుంటున్నావా?" చేతులు తుడుచుకుంటూ బావ షెడ్డులోంచి వచ్చాడు. "నువ్వు కుట్టింది ఊడుతుందా ఎక్కడైనా?"

"నేను కుట్టింది ఊడదు బావా. నువ్వు బిగించిందే ఊడుతుంది."

బావ మొహం మాడిపోయింది. "మళ్ళీ మొదలెట్టావూ? ఆ పూట రెక్కలు బిగిస్తుంటే ఫోనొచ్చింది. ఆ హడావిడిలో ఒక్క పిన్ను మర్చిపోయాను. నా తప్పేనని ఒప్పుకున్నానా లేదా? మీ అందరి కాళ్ళూ పట్టుకున్నానా లేదా?"

పట్టుకున్నాడు, నిజమే. మొసలి కన్నీళ్ళు కూడా కార్చాడు. "మనిషన్నాక మర్చిపోడూ, పోనీలేవే" అంటూ అక్క మొగుణ్ణి వెనకేసుకొచ్చింది. విచారణకొచ్చినవాళ్ళు కూడా పొరపాటని రాసుకుని వెళ్ళిపోయారు. "అయిందా బావా?" అనడిగి, "అయింది, ఎక్కు" అనగానే నమ్మి విమానం ఎక్కిన ఆమె తమ్ముడు మాత్రం రెక్క ఊడి నేలకి కొట్టుకుని చచ్చిపోయాడు.

మర్చిపోయి చంపినవాడు మర్చిపోయే చావాలి. చూసుకున్నాడా, బతుకుతాడు. చూసుకోలేదా, వాడి పాపాన వాడే పోతాడు. మధ్యలో ఒకసారి అక్క మొహం గుర్తొచ్చింది. అయినా పిన్ను జేబులోంచి తియ్యలేదు.

ఇంతలో విమానం కొనడానికి డాక్టరు కారు దిగాడు. పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు. కొత్త కళ్ళద్దాలు, చంకలో కొత్త హెల్మెట్టు.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందండీ! డిజైన్ అంతా మీదేనట కదా?"

"నాదేనండీ. తిండీ నిద్రా మానుకుని గీశాను" అన్నాడు బావ, ఆమె వైపు చూడకుండా.

ఆమె పళ్ళు నూరింది. ఆ గీతలన్నీ తమ్ముడివి. వంటగది బల్ల మీద కాగితాలు పరుచుకుని, అన్నం చల్లారిపోతోందన్నా వినకుండా వాడు గీసుకున్నవి. వాడు పోయాక ఆ కాగితాలన్నీ బావ చేతికొచ్చాయి. విమానం పక్కన పెద్ద అక్షరాలతో ఇప్పుడు బావ పేరుంది.

"ముందు నేనొక చుట్టు తిప్పి చూపిస్తాను. ఉన్నది ఒక్క సీటే కదా, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు బావ.

"త్వరగా కానియ్ బావా, గాలి లేచేలా ఉంది" అంది ఆమె.

బావ సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఇంజను మీట మీదికి వెళ్ళిన చెయ్యి ఆగింది. బెల్టు విప్పుకుని మళ్ళీ కిందికి దిగాడు.

"ఏమైందండీ?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదండీ, అలవాటు. ఈ రెక్కలు ఎప్పటికప్పుడు విప్పి, బండి మీద తీసుకెళ్ళి, ఎగిరేముందు మళ్ళీ బిగించుకునేవి. అందుకని ప్రతి పిన్నూ చేత్తో ముట్టుకుని, ఉందని పైకి అనుకుంటేగానీ ఎగరను. కళ్ళు మోసం చేస్తాయేమోగానీ చెయ్యి చెయ్యదు."

తోక దగ్గర మొదలుపెట్టాడు. "ఉంది." చక్రం దగ్గర, "ఉంది." ఎడమ రెక్క కింద, "ఉంది, ఉంది." కుడి రెక్క కిందికి వంగాడు. వేళ్ళతో రెండుమూడుసార్లు తడిమాడు.

"లేదు."

డాక్టరు గతుక్కుమన్నాడు. "లేదంటే?"

"పిన్ను లేదు. నట్టు కూడా వదులైంది." బావ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరో తీశారు!"

చావు తప్పించుకున్నాడన్న ఉక్రోషం ఆమెకి ముంచుకొచ్చింది. ప్రాణం దక్కితే దక్కింది, కనీసం పరువైనా తియ్యాలి. "ఎవరు తీస్తారు బావా? నువ్వే పెట్టడం మర్చిపోయుంటావు. ఆయనకిది అలవాటేనండీ డాక్టరుగారూ. మా తమ్ముడు పోయింది కూడా ఇలాగే."

"ఏమిటీ, ఇంతకుముందు కూడా జరిగిందా?" డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "రెక్క పిన్నే మర్చిపోయే మనిషి దగ్గర విమానం ఎలా కొంటారండీ ఎవరైనా? వద్దు బాబూ, నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

"డాక్టరుగారూ, ఆగండి!"

"ఆగడం కూడానా? నేనొస్తానండీ."

"నువ్వు నోర్ముయ్!" బావ ఆమె మీద విరుచుకుపడ్డాడు. పని చేతకానివాడన్న మాట పడేసరికి ఒళ్ళు తెలియలేదు. వెళ్ళిపోతున్న డాక్టరు వెనక పరిగెత్తి, ఆయన చెయ్యి పట్టుకుని, ఆవేశంతో అరిచాడు.

"దాని మాట నమ్మకండి సార్! ఈ చేత్తో రెక్క బిగించాక ఒక్క పిన్ను మర్చిపోయిన పాపాన పోలేదు నేను. నేను బిగించిన రెక్క పిన్ను లేకుండా ఎగిరిందంటే, కావాలని వదిలేశానన్నమాటే!"