వంద ఆటల పోటీ

బావమరిది క్షవరానికి అలా బయల్దేరాడో లేదో, అల్లుడు ఇలా అతని గదిలో దూరి ల్యాప్‌టాప్‌లోని చదరంగం ప్రోగ్రామ్ కాజేశాడు.

నిజానికి దొంగతనం చెయ్యాలని కాదు, పోల్చి చూద్దామని, అంతే. అలాగని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

మామగారు నడిపే చదరంగం స్కూలును ఇక ఇద్దరిలో ఒకరు చూసుకోవాలి. పిల్లలందరూ ఇప్పుడు కంప్యూటర్‌తోనే సాధన చేస్తున్నారు. కొడుకూ, అల్లుడూ చెరో ప్రోగ్రామ్ రాసుకున్నారు. "ఆ రెండింటికీ వంద ఆటలు పెడతాను. ఎవరిది గెలిస్తే స్కూలు తాళాలు వాళ్లకి" అని తేల్చేశారాయన.

అల్లుడు తన గది తలుపు వేసుకుని రెండు ప్రోగ్రాములకూ మూడు ఆటలు పెట్టాడు. తనది రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. మూడు ఆటలతో ఎవరి బలమూ తేలదని పిల్లలకు రోజూ చెప్పేది అతనే. కానీ తన దాకా వచ్చేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. బావమరిది ప్రోగ్రామ్‌కే తన పేరు తగిలించి పోటీకి ఇచ్చేస్తే సరి. ఒకే ప్రోగ్రామ్ తనతో తాను ఆడితే గెలుపోటములు అటూ ఇటూ సమానంగా వస్తాయి. స్కూలు ఇద్దరిదీ అవుతుంది. పరువు దక్కుతుంది.

మర్నాడు ఉదయమే స్కూలు హాల్లో పోటీ మొదలైంది. ఒకే కంప్యూటర్, సమానమైన టైము, సగం ఆటలకు తెల్లపావులు ఇటు, సగం ఆటలకు అటు. మామగారు పిల్లి ఎలుకను చూసినట్టు స్క్రీను చూస్తూ కూర్చున్నారు.

"ఏం బావా, చెమటలు పడుతున్నాయేంటి?" అన్నాడు బావమరిది.

"ఉక్కగా ఉందిలే."

"ఫ్యాను నీ నెత్తిమీదే తిరుగుతోందిగా!"

మధ్యాహ్నానికి చెమటలు నిజంగానే ఎక్కువయ్యాయి. బావమరిది పేరు పక్కన అంకె పరుగులు తీస్తోంది, తన పేరు పక్కన కుంటుతోంది. ఒకే ప్రోగ్రామ్ తన చేతిలో తానే ఇంత ఘోరంగా ఓడిపోతుందా? రాత్రికి రాత్రే దానికి మెరుగులు దిద్దాడన్నమాట, గడుసుపిండం!

సాయంత్రానికి లెక్క తేలింది. అరవై ఎనిమిది, ముప్పై రెండు. అల్లుడు మొహాన నవ్వు పులుముకుని బావమరిదికి చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి కూడా తడిగానే ఉందని అప్పుడు గమనించలేదు.

"గెలిచినదానితో నేనూ ఒక ఆట ఆడి చూస్తాను" అన్నారు మామగారు హుషారుగా. అప్పుడే టీ తెచ్చిన కూతురు కూడా తండ్రి కుర్చీ వెనక నిలబడి చూడసాగింది.

పెద్దాయన చక్కగానే ఆడారు. కానీ గుర్రం ఒకటి అడ్డం తిరిగి రాజును మూలకు నెట్టేసింది. ఆట కట్టు. స్క్రీను మీద ఏవో అక్షరాలు మెరిశాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు.

"ఓడిపోయావా బుజ్జీ... ముద్దు బాకీ!"

కూతురి మొహం కందిపోయింది. ఆమెను బుజ్జీ అని పిలిచేది లోకంలో ఒక్కరే.

"అది నాది!" అల్లుడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "మామయ్యగారూ, మనిషి ఆడి ఓడితేనే వచ్చే ఆ మాట మీ అమ్మాయి కోసం నేను రాసుకున్నది! గెలిచింది నా ప్రోగ్రామే! వీడు కొట్టేశాడు!"

బావమరిది తల వంచుకున్నాడు. కొడుకు వంక ఉరిమి చూసి, మామగారు స్కూలు తాళాలగుత్తి అల్లుడి వైపు చాపారు.

అతను చెయ్యి పెట్టేలోగా భార్య నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, గెలిచింది మీదైతే, పొద్దుట్నించీ మీ పేరుతో ఓడిపోయింది ఎవరిదండీ?"